పాఠశాలయందలి పనిముట్లు

పాఠశాలలోనికి ఒక క్రొత్త యంత్రము ప్రవేశించినప్పుడెల్ల ఒక క్రొత్త యుగమే ప్రవేశించినదని చాటుట ప్రభుత్వములకును, వర్తకులకును, ఒక్కొక్కప్పుడు పండితులకును అలవాటైపోయినది. ప్రారంభోత్సవము జరుగును; ఉపన్యాసములు సాగును; బాలబాలికల చేతులలో క్రొత్త వస్తువు మిలమిల మెరయును. అయిదేండ్లు గడచిన పిమ్మట ఆ వస్తువేమైనదని యడుగువారుండరు. ప్రధానోపాధ్యాయుని గదిలోని బీరువాలో తాళము క్రింద దుమ్ముపట్టి అది పడియుండును. ఇంతలో మరియొక వస్తువు, మరియొక యుగము, మరియొక ప్రారంభోత్సవము!

ఈ విషయమున దేశమునందు రెండు పక్షములు బయలుదేరినవి. యంత్రమే ఇక గురువనువారొకరు. యంత్రమే విద్యకు శత్రువనువారు మరియొకరు. చరిత్రను శ్రద్ధతో పరిశీలించినచో ఈ ఇరువురి మాటయు నిలువదు. పలకయు నొకనాడు క్రొత్త వస్తువే. నల్లబల్లయు నొకనాడు పరదేశపు వింతయే. అవి మన బడులలో వేళ్లు తన్నుకొన్నవి. వానికంటె నూఱు రెట్లు శక్తిగల యంత్రములు వచ్చి, నిలువలేక పోయినవి. ఏది నిలిచినది, ఏది పోయినది, ఏల పోయినది అను ప్రశ్నకు సమాధానము వెదకక ప్రజల ధనమును వ్యయపెట్టుట న్యాయము కాదని మా యభిప్రాయము.

ఈ కథ మన యిసుకతోనే ప్రారంభమగుట తెలుగు పాఠకులకు ఆసక్తికరము కాగలదు. 1787లో మదరాసునకు వచ్చిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు, 1789లో ఎగ్మోరునందు సైనికుల అనాథబాలురకై నెలకొల్పిన శరణాలయపు పాఠశాలకు అధిపతి యయ్యెను. ఒకనాడాతడు గుఱ్ఱమెక్కి పోవుచు ఒక వీధిబడిని చూచెను. పిల్లలు నేలపై కూర్చుండి ఇసుకలో వ్రేళ్లతో అక్షరములు దిద్దుచుండిరి. కాగితము లేదు, కలము లేదు, సిరా లేదు. చదువు మాత్రము సాగుచున్నది. బెల్ తన బడికి మరలివచ్చి అట్లే చేయింపుడని యుపాధ్యాయుని ఆజ్ఞాపించెను. అది యసాధ్యమని ఆ యుపాధ్యాయుడు త్రోసిపుచ్చెను. అంతట ఆ పని జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల సైనికపుత్రునకు అప్పగింపబడెను. ఆ బాలుడు తనకంటె చిన్నవారికి ఇసుకలో అక్షరములు నేర్పి చూపెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పద్ధతి యిట్లు ఆ బడిలో స్థిరపడెను. స్వదేశమునకు పోయి 1797లో బెల్ ఈ ప్రయోగమును గ్రంథముగా ప్రకటించెను. ఆ మఱుసటి యేట లండనులోని బరో రోడ్డున జోసెఫ్ లాంకాస్టరు పేద బాలురకై బడి తెరచెను. ఇసుక పళ్లెములు, పలకలు, పెద్దపిల్లల బోధన — వీనితో వందలకొలది పిల్లలకు ఒక్క యుపాధ్యాయుడు చాలునని యచ్చట ఘోషింపబడెను. 1811లో ఇంగ్లండునందు బెల్ పద్ధతిపై బడులు నెలకొల్పుటకు ఒక జాతీయ సంఘమే యేర్పడెను. అది "మదరాసు పద్ధతి" యను పేరనే ప్రసిద్ధి కెక్కెను.

మన వీధిబడి సీమకు పాఠము చెప్పినదని గర్వించుటకు ఇందు హేతువు కలదు; కాని గర్వముతో ఆగిపోవుట మంచిది కాదు. ఆ వీధిబడి యానాటి స్థితిని గూర్చి మనకు ప్రమాణమైన సాక్ష్యమున్నది. 1822లో మదరాసు గవర్నరు సర్ తామసు మన్రో రాజధానిలోని జిల్లాలన్నిటినుండి బడుల లెక్కలు రప్పించెను. తెలుగు భాషకు 1816లో ఆంగ్లమున వ్యాకరణము వ్రాసిన కాంబెల్ దొర అప్పుడు బళ్లారి కలెక్టరు. 1823 ఆగష్టులో అతడు పంపిన నివేదిక నేటికిని చదువదగినది. సుమారు తొమ్మిది లక్షల యిరువదియెనిమిది వేల జనులున్న ఆ జిల్లాలో 533 బడులు. అందు తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. చదువరులు 6,641 మంది మాత్రమే. ఇసుకలో దిద్దించుటయందలి పొదుపును, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించుటను ఆ దొర మెచ్చుకొనెను. ఇంగ్లండు దానిని అనుకరించుట తగియే యున్నదని వ్రాసెను. ఆ వెంటనే లోపములను చెప్పెను. పిల్లలు అర్థమెఱుగక పద్యములు వల్లించుచున్నారు. తగిన పుస్తకములు లేవు. సమర్థులైన ఉపాధ్యాయులు లేరు. బడులు క్షీణించుటకు కారణమును గూడ అతడు దాచలేదు. ఐరోపా వస్త్రములు వచ్చి నేతగాండ్ర వృత్తి చెడినది. సంపన్నుల ధనము దేశములో తిరుగుట తగ్గినది. బడిజీతమిచ్చుకొనుటకు తల్లిదండ్రులకు శక్తి లేకపోయినది. పరప్రభుత్వమున పనిచేయు నుద్యోగి కలమునుండియే యీ మాట వెలువడుట గమనింపదగినది.

1826 మార్చిలో మన్రో ఈ నివేదికలన్నిటిని క్రోడీకరించెను. రాజధాని జనసంఖ్య 1,28,50,941. పాఠశాలలును కళాశాలలును కలసి 12,498. విద్యార్థులు 1,88,650 మంది. అనగా సుమారు అరువదియెనిమిదిమందికి ఒకడు. ఆ విద్యార్థులలో బాలికలు 4,540 మంది మాత్రమే. వీధిబడి మహిమను పొగడునప్పుడు ఈ యంకెను మరువరాదు. ఇసుక అందరిదియే, బడి యందరిదిగా నుండలేదు. విద్య యిట్లు హీనదశలో నుండుటకు మన్రో చూపిన కారణములలో ఒకటి మా వాదమునకు ప్రాణము వంటిది. ఉపాధ్యాయునకు నెలకు ఆరేడు రూపాయలకంటె రాబడి లేదు. అట్టి వేతనమునకు యోగ్యులైనవారు ఆ వృత్తిలోనికి రారు అని యతడు వ్రాసెను. పనిముట్టు చవుక, పద్ధతి ప్రపంచమునకు ఆదర్శము, లోపించినది గురువు. రెండు శతాబ్దములు గడచినను మన విద్యాసమస్య యీ మూడు వాక్యములలో నిమిడియే యున్నది.

మదరాసు పద్ధతికి ఇంగ్లండులో పట్టిన గతియు ఈ సత్యమునే చెప్పుచున్నది. ఒక్క గురువుతో వందలమందిని చదివించుట కర్మాగారమువలె చవుకగా నుండెను. ఆనాటి ప్రశంసకులే దానిని కర్మాగారముతో పోల్చిరి. అయితే తాను నిన్న నేర్చినదానిని నేడు అప్పగించు పదేండ్ల బాలుడు వల్లెవేయించగలడు గాని, సందేహమును తీర్పలేడు. నలువదియేండ్లలో ఆ లోపము బయటపడెను. 1846లో ఇంగ్లండు ప్రభుత్వము దారి మార్చి, పదుమూడేండ్లు నిండిన విద్యార్థులను అయిదేండ్లపాటు వేతనమిచ్చి ఉపాధ్యాయవృత్తికి తరిఫీదు చేయు విధానమును స్వీకరించెను. పనిముట్టుతో గురువు వ్యయమును తప్పించుకొనజూచిన దేశము, తుదకు గురువుకై వ్యయపెట్టవలసి వచ్చెను.

ఇక పలకను, నల్లబల్లను చూతము. తరగతి యంతయు ఒక్కసారి చూచుటకు పెద్ద బల్లపై సుద్దతో వ్రాయుట పందొమ్మిదవ శతాబ్ద ప్రారంభమున వ్యాపించెను. అమెరికాలో వెస్టు పాయింటు సైనిక విద్యాలయమున 1801లో జార్జి బారన్ దానిని గణితబోధనకు వాడెననియు, ఎడింబరోలో జేమ్సు పిలన్సు రంగుసుద్దలతో భూగోళము చెప్పెననియు విద్యాచరిత్రకారులు వ్రాయుదురు. ఆ నల్లబల్ల నేటికిని బ్రతికి యుండుటకు కారణమేమి? అది యుపాధ్యాయుని యాజ్ఞకు లోబడినది. అతడు వ్రాయును, చెరుపును, పిల్లవానిని పిలిచి వ్రాయించును, తప్పును పదుగురిలో దిద్దును. లెక్క యెట్లు పుట్టి యెట్లు పెరిగినదో పిల్లలు కన్నులార చూతురు. నిన్నటి పాఠము వేరు, నేటి పాఠము వేరు. ఈ యూరి పాఠము వేరు, పొరుగూరి పాఠము వేరు. వీనికన్నిటికి నల్లబల్ల యొదిగి యుండును. అది చెడినచో ఊరి వడ్రంగి బాగుచేయును. దానికి విద్యుచ్ఛక్తి యక్కరలేదు. వార్షిక చందా యక్కరలేదు. అమ్మినవాడు దివాలా తీసినను అది పనిచేయక మానదు. పలకయు నట్టిదే. ఈ గుణములే పనిముట్టునకు స్వరాజ్యము.

పలకను గూర్చి చెప్పునప్పుడు తెలుగువారు మార్కాపురమును స్మరింపక తీరదు. నల్లమల సమీపమున నున్న ఆ పట్టణపు గనులలో దొరకు రాతితో చేసిన పలకలు దేశమెల్ల వ్యాపించినవి. తరతరముల పిల్లలు వానిపై ఓనమాలు దిద్దిరి. ఆ పేరుతోబాటు ఒక కళంకమును గూడ చెప్పక తప్పదు. ఆ పలకలను కోసి, నునుపు చేసి, చట్రములు బిగించు చేతులలో పసిపిల్లల చేతులును ఉండెను. 1987లో బాలకార్మికులను గూర్చిన జాతీయ విధానము ప్రకటింపబడినప్పుడు, దాని ననుసరించి తొలుత ప్రణాళికలు చేపట్టిన తావులలో మార్కాపురపు పలకల పరిశ్రమ యొకటి. ఇతరుల పిల్లలు చదువుకొనుటకు పలక చేసి యిచ్చిన పిల్లవాడు, తాను పలక పట్టి బడికి పోలేకపోయెను! పనిముట్టు నుత్పత్తి చేసినంతమాత్రమున విద్య యుత్పత్తి కాదనుటకు ఇంతకంటె కఠోరమైన దృష్టాంతము మాకు తోచుటలేదు.

ఇరువదవ శతాబ్దమున ఈ రంగమునకు నాయకత్వము అమెరికాది. అచ్చట 1913లో తామస్ ఎడిసన్ మహాశయుడు, పుస్తకములు బడులలో త్వరలోనే నిరుపయోగములగుననియు, చలనచిత్రము ద్వారా సమస్తశాస్త్రములు బోధింపవచ్చుననియు, పదేండ్లలో పాఠశాలావిధానమంతయు మారిపోవుననియు జోస్యము చెప్పెను. విద్యుద్దీపమును లోకమునకు వ్యాపింపజేసిన ఆ మహామేధావి జోస్యము ఈ విషయమున మాత్రము ఫలింపలేదు. పదేండ్లు గడచినవి, నూఱేండ్లును గడచినవి. పుస్తకము బడిలోనే యున్నది. పిమ్మట రేడియో వచ్చెను. 1924లో బ్రిటనులో బడిపిల్లలకు ప్రసారములు మొదలయ్యెను. 1929లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఆకాశమార్గపు బడియే తెరవబడెను. ఆ తరువాత టెలివిజను. 1961 నుండి 1968 వఱకు ఇండియానా రాష్ట్రముపై విమానమును సుమారు ఇరువదిమూడు వేల అడుగుల యెత్తున గుండ్రముగా త్రిప్పుచు, దానినుండి ఆరు రాష్ట్రముల బడులకు పాఠములు ప్రసారము చేసిరి! 1964లో పసిఫిక్ మహాసముద్రమునందలి అమెరికన్ సమోవా దీవులలో విద్యాబోధన నంతటిని టెలివిజనుపై ఆధారపఱచిరి. స్టూడియోలోని గురువు చెప్పును. తరగతిలోని గురువు సహాయకుడుగా నిలుచును. ఆ యేర్పాటు పదేండ్లు సాగలేదు. పెద్దతరగతుల విద్యార్థులు విసిగిరి, తరగతి యుపాధ్యాయులు ఎదురు తిరిగిరి. తుదకు టెలివిజనే సహాయక స్థానమునకు దిగెను. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున 1920 ప్రాంతముల ప్రెస్సీ పండితుడును, 1950 దాటిన పిమ్మట హార్వర్డులో స్కిన్నరు పండితుడును కల్పించిన బోధనయంత్రముల చరిత్రయు దీనికి భిన్నము కాదు.

లారీ క్యూబన్ అను విద్యాచరిత్రకారుడు 1986లో ఈ యనుభవములను పరిశీలించి ఒక గ్రంథము వ్రాసెను. మొదట మహోత్సాహము, పిదప శాస్త్రజ్ఞుల ధ్రువపత్రములు, పిదప నిరాశ, తుదకు ఉపాధ్యాయులపై నింద — ఈ చక్రము సినిమాకు, రేడియోకు, టెలివిజనుకు ఒక్కటే రీతిని తిరిగినదని యతడు చూపెను. ఉపాధ్యాయులు మూర్ఖులు గనుక యంత్రమును త్రోసిపుచ్చిరా? కాదు. నలువదిమంది పిల్లలు, నలువది నిమిషముల గంట, ముగింపవలసిన పాఠ్యప్రణాళిక — ఈ మూటి నడుమ నలుగువాడు, తనకు ఉపకరించు వస్తువును ఎన్నడును వదలలేదు. వదలినది తన్నడుగక పైనుండి దింపిన వస్తువును. ఎగ్మోరు ఉపాధ్యాయుడు ఇసుకను కాదనుటలో పొరపడెను. సమోవా ఉపాధ్యాయుడు టెలివిజనును కాదనుటలో పొరపడలేదు. ఈ రెంటిని వేఱుచేసి చూచుటయే విద్యాధికారుల వివేకము.

మన దేశమునకు వత్తము. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన మౌలికవిద్యలో తకిలియే బోధనసాధనము. దూదినుండి భూగోళమును, నూలునుండి గణితమును, నేతనుండి చరిత్రను చెప్పవచ్చునను నా భావము ఉదాత్తము. అయినను జాతీయవాదులమైన మేము ఒప్పుకొనవలసిన విషయము కలదు. ఆ భావమును గ్రహించిన గురువు చేతిలో తకిలి విద్య యయ్యెను. గ్రహింపని గురువు చేతిలో అది వట్టి నూలు వడకుటగా మిగిలెను. మనదైనంత మాత్రమున పనిముట్టు ఫలింపదు. స్వదేశివస్తువునకు గూడ గురువే ప్రాణము.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మన దేశము చేసిన అత్యంత సాహసోపేతమైన ప్రయోగము 1975 ఆగష్టు 1వ తేదీనుండి 1976 జూలై 31 వఱకు సాగిన ఉపగ్రహ టెలివిజను బోధనము. అమెరికా యెరవిచ్చిన ఉపగ్రహముతో ఆరు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమయ్యెను. అందు ఆంధ్రప్రదేశ గ్రామములకు తెలుగులో ప్రసారము జరిగెను. ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలము పెద్దలకు రెండున్నర గంటలు. విద్యుద్దీపమే యెఱుగని పల్లెలలో తీగెవలతో నల్లిన గొడుగువంటి గ్రాహకము ఆకాశమునుండి బొమ్మను పట్టి తెచ్చుట జనులకు మహాశ్చర్యమయ్యెను. మన శాస్త్రజ్ఞుల శక్తిని ఆ ప్రయోగము లోకమునకు చాటెను. అయితే ఏడాది ముగియగనే యెరువు సొమ్ము మరలిపోయెను. అనేక గ్రామములలో తెర చీకటి యయ్యెను. ఆ యేట నిలువదగినదిగా జరిగిన పని యొకటి కలదు. సెలవు దినములలో వేలకొలది ప్రాథమికోపాధ్యాయులకు అదే టెలివిజనుతో, రేడియోతో, అచ్చుపాఠములతో, చేతితో చేయించిన ప్రయోగములతో విజ్ఞానశాస్త్రబోధన నేర్పిరి. ఉపగ్రహము పోయినను ఆ యుపాధ్యాయులు పోలేదు. వారు నేర్చినది వారితోనే నిలిచెను. ఆ ప్రయోగమంతటిలో అత్యంత ఫలవంతమైన భాగమదియే యని మా తలంపు. యంత్రము గురువునకు బదులుగాక, గురువునకు గురువైనది.

తరువాతి వృత్తాంతము మఱింత విచిత్రము. 1984లో కేంద్రప్రభుత్వము సుమారు 250 ఉన్నత పాఠశాలలలో బ్రిటనునుండి తెచ్చిన కంప్యూటర్లను ప్రవేశపెట్టెను. మూడేండ్లు గడచిన తరువాత, 1987లో, అదే ప్రభుత్వము "నల్లబల్ల పథక" మను పేర మరియొక కార్యక్రమమును ఆరంభింపవలసి వచ్చెను. దాని యుద్దేశ మేమి? ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని ఋతువులకు పనికివచ్చు రెండు గదులు, కనీసము ఇద్దరుపాధ్యాయులు, నల్లబల్ల, పటములు, బోధనసామగ్రి సమకూర్చుట. అనగా ఒక చోట కంప్యూటరు వెలుగుచుండగా, లక్షలాది బడులలో సుద్దముక్క గీయుటకు బల్లయును, గీయుటకు రెండవ యుపాధ్యాయుడును లేకుండిరి. రెండు శతాబ్దముల క్రిందట బెల్ చూచిన ఇసుకయైన నచ్చట నుండెనో లేదో! 2004 సెప్టెంబరు 20న మన తెలుగు తీరమునందలి శ్రీహరికోటనుండి విద్యకై ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహము మన రాకెట్టుపైననే నింగి కెగసెను. 1976లో ఎరవిచ్చినవాడు తీసికొనిపోయిన దానిని 2004లో మనము స్వయముగా నిర్మించుకొంటిమి. ఇది నిశ్చయముగా గర్వకారణము. కాని ఆకాశమున స్వాతంత్ర్యము సాధించిన మనము తరగతిగదిలో దానిని సాధించితిమా యనునది వేఱు ప్రశ్న.

ఇటీవలి యనుభవములను సంక్షేపముగా చెప్పెదము. దక్షిణామెరికాలోని పెరూ దేశము ఎనిమిది లక్షలకు పైబడిన చిన్న కంప్యూటర్లను కొని పిల్లలకు పంచెను. 319 గ్రామీణ పాఠశాలలలో జరిగిన పరిశీలన ఫలితములు 2012లో వెలువడినవి. సాధారణ బుద్ధికుశలతయందు కొంత మేలు కనబడినను, గణితభాషలలో అభివృద్ధి కానరాలేదని తేలినది. 2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతబడినప్పుడు, యంత్రమే బడి యైనచో ఏమగునో చూచు నవకాశము కోరకయే లభించినది. తెలంగాణములో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శనము, టీశాట్ ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. ఏమియు లేనిదానికంటె అది మేలే. ఆ పనిలో శ్రమించిన ఉపాధ్యాయులు ప్రశంసార్హులు. అయినను ఇంట నొక్కటే ఫోను, అది తండ్రితో పొలమునకు పోవును; ముగ్గురు పిల్లలకు మూడు తరగతులు. బడి తలుపు తెరచిననాడు తల్లిదండ్రులు విడిచిన నిట్టూర్పే ఆ పరీక్షకు తీర్పు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు నాలుగున్నర లక్షలకు పైగా ట్యాబులు పంచెను. 2023లో యునెస్కో సంస్థ తన ప్రపంచ విద్యానివేదికలో, బడులలో ప్రవేశపెట్టబడుచున్న సాంకేతికసాధనముల ఉపయోగమునకు నిష్పక్షపాతమైన ప్రమాణములు మిక్కిలి తక్కువగా నున్నవని హెచ్చరించెను. ఆ యేటనే స్వీడను దేశము చిన్నతరగతులలో అచ్చుపుస్తకమునకు మరలుటకు నిశ్చయించెను. ఇప్పుడు కృత్రిమమేధ ద్వారము తట్టుచున్నది. ప్రతి పిల్లవానికి ఒక్కొక్క గురువు, అదియు ఫోనులోనే, లభించునను మాట మరల వినబడుచున్నది. 1913 నాటి ధ్వనియే. కంఠము మాత్రము వేఱు.

మేము యంత్రవిరోధులము కాము. పల్లెటూరి పిల్లవానికి దూరదర్శినిని చూపగల శక్తి, కన్నులేని బాలికకు పుస్తకమును చదివి వినిపింపగల శక్తి, మారుమూల బడిలోని యుపాధ్యాయునకు నూఱు గ్రంథములను అందింపగల శక్తి సామాన్యమైనది కాదు. పట్టణమునందలి ధనికుల పిల్లలకు సహజముగా దొరకు వస్తువును పేదపిల్లలకు వలదనుట మరియొక రీతి అన్యాయము. "మీకు పలక చాలు" నను మాట, ఒకప్పుడు "మీకు చదువేల" యన్న మాటకు తమ్ముడు. కావున పంపిణీని మేము నిరసింపము. పంపిణీయే విద్య యను భ్రాంతిని నిరసింతుము.

ఇట్టి వ్యయమును తలపెట్టు ప్రభుత్వమును ప్రజలు నాలుగు ప్రశ్నలడుగవలయును. మొదటిది: ఈ వస్తువును ఏ యుపాధ్యాయుడు, ఏ పాఠమునకై కోరెను? కోరనిచో, దాని యుపయోగమును అతనికి నేర్పుటకు ఎన్ని దినములు, ఎంత ధనము కేటాయింపబడినది? రెండవది: మూడవ యేట అది చెడిపోయినప్పుడు ఎవరు బాగుచేయుదురు? ఆ పద్దు నేటి లెక్కలో చేరినదా? మూడవది: అందలి పాఠము పిల్లవానికి తెలియు తెలుగులో నున్నదా? ఒడంబడిక ముగిసి వర్తకుడు తప్పుకొన్న తరువాత ఆ పాఠము బడికి దక్కునా, లేక 1976లో ఉపగ్రహము పోయినట్లు పోవునా? నాలుగవది: ఏడాది చివర పిల్లలు చదువుట, వ్రాయుట, లెక్కించుట ఎంత మెఱుగుపడినదో, అమ్మకందారు గాక వేఱొకరు పరీక్షించి, ఫలితము నెట్టిదైనను ప్రకటింతురా? ఈ నాలుగింటికి సమాధానము దొరకిన వస్తువు ఇసుకయైనను, కృత్రిమమేధయైనను మేము స్వాగతమిచ్చెదము. సమాధానము లేని వస్తువు ఉచితముగా వచ్చినను ఖరీదైనదే. ఏలయన అది పిల్లవాని కాలమును హరించును.

వీనికన్న ముందు తీర్పవలసిన ఋణమొకటి కలదు. 2024-25 సంవత్సరపు ప్రభుత్వపు లెక్కల ప్రకారమే దేశమున లక్షకు పైబడి ఏకోపాధ్యాయ పాఠశాలలున్నవి. అయిదు తరగతులు, ఒక్క గురువు. అతనికి జ్వరము వచ్చిననాడు బడికి సెలవు. 1826లో మన్రో చెప్పిన వ్యాధియే యిది. 1987లో మందు వ్రాయబడినది. రోగి యింకను మంచముపైననే యున్నాడు. ఇట్టి బడికి మొదట పంపవలసినది ట్యాబు కాదు, రెండవ యుపాధ్యాయుడు.

మా పాఠకులలో గ్రామములయందు భూవసతి గలవారును, పట్టణములయందు పలుకుబడి గలవారును అనేకులు కలరు. స్వగ్రామమునందలి బడికి ఏదైన నీయవలయునను సంకల్పము వారికిని, విదేశములందున్న వారి బిడ్డలకును తఱచుగా కలుగుచుండును. పెట్టెపై తమ పేరు చెక్కించి పంపుట సులభము. దానికి బదులు, ఒక్కసారి ఆ బడికి స్వయముగా పోయి, ఉపాధ్యాయునితో ఒక పూట కూర్చుండి, ఆయన కేమి కావలయునో అడుగవలసినదిగా వారిని కోరుచున్నాము. ఆయన కోరునది ఒకవేళ గొప్ప యంత్రమే కావచ్చును. పుస్తకముల బీరువా కావచ్చును. బాలికలకు మరుగుదొడ్డి కావచ్చును. వానకాలములో కారని కప్పు కావచ్చును. ఏదైనను ఆయన కోరినది ఇచ్చినచో అది బీరువాలో దుమ్ము పట్టదు. పాఠశాలా యాజమాన్యసంఘములలో సభ్యులైన తల్లిదండ్రులును పై నాలుగు ప్రశ్నలను సమావేశపు పుస్తకములో వ్రాయించి సమాధానములు రాబట్టవలయును.

ఎగ్మోరు శరణాలయమున బాలుడు ఫ్రిస్కెన్ ఇసుకపళ్లెము ముందు కూర్చున్ననాడు, అక్షరము నేర్పినది ఇసుక కాదు. నేర్పవలయునను పట్టుదలతో ప్రక్కన కూర్చున్న మనుష్యుడు. ఆ మనుష్యునికి తగిన వేతనమును, తరిఫీదును, గౌరవమును ఇచ్చి, అతడు కోరిన పనిముట్టును అతని చేతికీయుడు. ఈ క్రమము తలక్రిందులైనంత కాలము మన బీరువాలు నిండుచుండును గాని, పిల్లల బుద్ధులు నిండవు.